పాఠకుల ప్రశ్నలు: వేకువజామునే బిగుసుకుపోయే పెట్టె

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. పరికరాన్ని నిద్రపుచ్చేటప్పుడో లేపేటప్పుడో కెర్నల్ (లినక్స్‌లో యంత్రాన్ని నడిపే ముఖ్య భాగం) లోపల ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగిపోవడమే ఆ చిక్కు. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. దాని వెనక ఒక కుటుంబం పెట్టుబడి ఉంది కాబట్టి తొందరపడి ముగించాలని అనిపించలేదు.

ప్రశ్న (ఉండి నుంచి ఒక రొయ్యల రైతు): మాకు ఉండి దగ్గర వనామీ చెరువులు ఉన్నాయి. ఇంజనీరింగ్ చదివిన మా అన్నయ్య కొడుకూ నేనూ కలిసి నీటిలో ఆక్సిజన్ చూసే పెట్టె ఒకటి తయారుచేశాం. లోపల లినక్స్ నడిచే చిన్న బోర్డు, ఐ టూ సీ తీగల మీద డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ప్రోబ్, సోలార్ ప్యానెల్, బ్యాటరీ. ప్రోబ్‌ను నడిపే కెర్నల్ కోడ్, అంటే డ్రైవర్, మేమే రాసుకున్నాం. పది సెకన్లపాటు ఎవరూ రీడింగ్ అడగకపోతే ప్రోబ్ నిద్రలోకి వెళ్తుంది. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి రెండు, మూడు దాటాక ఒక్కోసారి రీడింగులు ఆగిపోయి ఫోనుకు మెసేజ్ రాదు. ప్రోగ్రామ్‌ను కిల్ చేసినా చావదు. బ్యాటరీ వైరు పీకి పెడితేనే మళ్లీ నడుస్తుంది. లాగ్‌లో ‘టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయింది’ అని ఉంది. చలికీ తేమకీ ప్రోబ్ పాడవుతోందా? కోడ్ కూడా పంపుతున్నాం.

జవాబు: ముందు ఈ రాత్రి సంగతి చూద్దాం. కెర్నల్ తన పరికరాల సెట్టింగులను ఫైళ్లుగా చూపే సిస్ఎఫ్ఎస్‌లో మీ ప్రోబ్‌కు ఉన్న ఫోల్డర్ తెరవండి. అందులో ‘పవర్’ అనే ఫోల్డర్, దాని లోపల ‘కంట్రోల్’ అనే ఫైలు ఉంటాయి. ఇప్పుడు ఆ ఫైల్లో ‘ఆటో’ అని ఉంది. బోర్డు ఆన్ అయిన వెంటనే అక్కడ ‘ఆన్’ అని రాసేలా స్టార్టప్ స్క్రిప్టులో ఒక లైను చేర్చండి. అప్పుడు బోర్డు నడుస్తున్నంతసేపూ కెర్నల్ ప్రోబ్‌ను నిద్రపుచ్చదు. బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది, అందుకని కొన్నాళ్లు రెండో బ్యాటరీ కట్టండి, లేదా ఏరేటర్ల లైను నుంచి ఒక ఎడాప్టర్ పెట్టుకోండి. మా బావగారి చెరువులు కాళ్ల గ్రామం దగ్గర ఉన్నాయి. వేకువన డీఓ పడిపోతే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. కోడ్ తీరిగ్గా సరిచేసుకోవచ్చు, చెరువు మాత్రం ఆగదు.

ప్రోబ్ పాడవలేదు. చలికీ తేమకీ దీనితో సంబంధం లేదు. మీ కోడ్ చదివాను. ఇది డెడ్‌లాక్, అంటే ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగి ఇక కదలకపోవడం. అది వేకువజామునే ఎందుకు వస్తోందో కూడా మీ కోడ్‌లోనే ఉంది.

మీ ప్రోగ్రామ్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి రీడింగ్ తీస్తుంది. డీఓ 4 పీపీఎం కంటే తగ్గితే పది సెకన్లకోసారి తీసేలా రాశారు. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక నాచు కూడా రొయ్యలతోపాటు ఆక్సిజన్ పీల్చుకునేదే కాబట్టి తెల్లవారే ముందు డీఓ అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. రీడింగ్ అయిన పది సెకన్లకు ప్రోబ్ నిద్రపోవాలి. రీడింగ్ అయిన పది సెకన్లకే మళ్లీ రీడింగ్ తీయాలి. పగలు ఈ రెండూ ఎదురుపడే అవకాశమే లేదు. డీఓ పడిపోయిన రాత్రి మాత్రం ప్రతి పది సెకన్లకూ నిద్రపుచ్చేవాడూ రీడింగ్ అడిగేవాడూ ఒకే క్షణాన తలుపు దగ్గరికి వస్తున్నారు.

వాళ్లిద్దరూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో మీ కోడ్ ప్రకారమే చెబుతాను. మీ రీడ్ ఫంక్షన్ మొదట మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరి దగ్గరే ఉండే తాళం, అంటే లాక్) తీసుకుంటుంది. అది చేతిలో పెట్టుకుని ‘పీఎం రన్‌టైమ్ గెట్ సింక్’ను పిలుస్తుంది, అంటే ప్రోబ్ మెలకువగా ఉందని తేలేదాకా ఆగుతుంది. అటువైపు టైమర్ తీరగానే కెర్నల్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ వర్క్‌క్యూ (వెనక పనులు చేసే వరస) ప్రోబ్ స్థితిని ‘సస్పెండింగ్’గా మార్చి మీ రన్‌టైమ్ సస్పెండ్ కాల్‌బ్యాక్‌ను (ప్రోబ్‌ను నిద్రపుచ్చడానికి మీరు రాసిన ఫంక్షన్) పిలుస్తుంది. ఆ కాల్‌బ్యాక్‌లో మీరు రాసిన మొదటి లైను అదే మ్యూటెక్స్ తీసుకోవడం. అది రీడ్ ఫంక్షన్ దగ్గర ఉంది కాబట్టి కాల్‌బ్యాక్ ఆగింది. గెట్ సింక్ లోపలికి వెళ్లి చూస్తే స్థితి ‘సస్పెండింగ్’ అని ఉంది. సగంలో ఉన్న నిద్రను వెనక్కి తిప్పే దారి లేదు కాబట్టి అది పూర్తయ్యేదాకా గెట్ సింక్ వెయిట్ క్యూలో కూర్చుంది. ఇక ఇద్దరిలో ఎవరూ కదలరు.

లైన్‌మన్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకోవడం మీరు చూసే ఉంటారు. ఒక జట్టు ఫీడర్ మీద ఎల్‌సీ తీసుకుని నిచ్చెన కోసం చూస్తోంది. ఇంకో జట్టు నిచ్చెన భుజాన వేసుకుని అదే ఫీడర్ ఎల్‌సీ కోసం చూస్తోంది. ఎల్‌సీ తిరిగి ఇవ్వనిదే ఆపరేటర్ ఇంకొకరికి ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. రెండు జట్లూ ముందు ఎల్‌సీ, ఆ తర్వాతే నిచ్చెన అన్న వరస పాటిస్తే ఈ ఇబ్బంది రాదు. మీ డ్రైవర్‌కు కావలసిందీ అలాంటి వరసే.

కిల్ చేసినా ఎందుకు చావదంటే, గెట్ సింక్ ఆగే నిద్ర సిగ్నల్‌కు లేవని రకం. పీఎస్ కమాండ్‌లో ఆ ప్రాసెస్ పక్కన ‘డి’ అని కనిపిస్తుంది. అలా 120 సెకన్లు దాటితే కెర్నల్ మామూలుగా లాగ్‌లో రాస్తుంది. మీరు చూసిన సందేశం అదే. ఇంకో సంగతి గమనించాను. ప్రోబ్‌ను లేపే మీ రెజ్యూమ్ కాల్‌బ్యాక్‌లో ఆ మ్యూటెక్స్ లేదు. ఉండి ఉంటే మొదటి రోజు మొదటి రీడింగ్‌కే పెట్టె బిగుసుకుపోయేది. ఒకే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక దారి) తన దగ్గరున్న మ్యూటెక్స్‌నే మళ్లీ అడిగేది కాబట్టి తప్పు బల్ల మీదే దొరికిపోయేది. సస్పెండ్‌లో మాత్రమే ఉండడం వల్ల చెరువు గట్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు మందు. రీడ్ ఫంక్షన్‌లో వరస మార్చండి. ముందు పరికరాన్ని లేపండి, తర్వాత మ్యూటెక్స్ తీసుకోండి, రీడింగ్ తీసి మ్యూటెక్స్ వదలండి, చివర ‘మార్క్ లాస్ట్ బిజీ’ (ఇప్పుడే వాడామని గుర్తు పెట్టేది), ‘పుట్ ఆటోసస్పెండ్’ (మా పని అయిందని చెప్పేది) పిలవండి. లేపడానికి గెట్ సింక్ బదులు ‘పీఎం రన్‌టైమ్ రెజ్యూమ్ అండ్ గెట్’ వాడండి. ఇది 5.10 కెర్నల్ నుంచి ఉంది. గెట్ సింక్ విఫలమైనా యూసేజ్ కౌంట్‌ను (పరికరాన్ని ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క) పెంచే వదిలేస్తుంది. దాన్ని తగ్గించడం మరిచిపోతే ప్రోబ్ ఇక ఎప్పటికీ నిద్రపోదు. కొత్త ఫంక్షన్ విఫలమైతే కౌంట్‌ను తనే సరిచేసుకుంటుంది. మీ కోడ్‌లో ఆ తగ్గింపు లేదు, కాబట్టి ఈ మార్పు తప్పనిసరి.

అంతకంటే ముఖ్యం, సస్పెండ్ కాల్‌బ్యాక్‌లోంచి ఆ మ్యూటెక్స్‌ను పూర్తిగా తీసేయండి. రీడింగ్ మధ్యలో ప్రోబ్ నిద్రపోతే ఎలా అని భయపడి పెట్టారని అర్థమైంది. ఆ కాపలా కౌంటే కాస్తుంది. యూసేజ్ కౌంట్ సున్నా కానంతసేపూ కెర్నల్ సస్పెండ్ కాల్‌బ్యాక్‌ను పిలవదు. రీడింగ్ తీసేవాడు కౌంట్ పెంచి, ప్రోబ్ లేచిందని తేలాకే బస్సు (ఐ టూ సీ తీగలు) ముట్టుకుంటాడు కాబట్టి, కాల్‌బ్యాక్ నడుస్తోందంటే బస్సు మీద ఎవరూ లేనట్టే. ఇది నిలవాలంటే ప్రోబ్‌ను ముట్టుకునే ప్రతి దారీ ముందు కౌంట్ పెంచాలి. క్యాలిబ్రేషన్ విలువ రాసే మీ సిస్ఎఫ్ఎస్ ఫంక్షన్ పెంచడం లేదు. దానికీ చేర్చండి.

మీ కోడ్‌లో రెండో వల కూడా ఉంది. మీరింకా అందులో పడలేదు. నీటి వేడిని బట్టి రీడింగ్ సరిచేయడానికి ఒక డిలేడ్ వర్క్ (కాసేపాగి నడిచే పని) పెట్టారు. అది గెట్ సింక్ పిలుస్తుంది. సస్పెండ్ కాల్‌బ్యాక్‌లో ‘క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్’తో ఆ వర్క్‌ను ఆపుతున్నారు. ఈ పిలుపు నడుస్తున్న వర్క్ పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆ వర్క్ ఏమో సస్పెండ్ పూర్తయ్యేదాకా గెట్ సింక్‌లో ఆగి ఉంటుంది. ఇక్కడ మ్యూటెక్స్ ఒక్కటి కూడా లేదు, అయినా మెలి పడింది. లాక్ ఉంటేనే డెడ్‌లాక్ అనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. నా సలహా, ఆ వర్క్‌లో గెట్ సింక్ బదులు ‘గెట్ ఇఫ్ ఇన్ యూజ్’ వాడండి. ప్రోబ్‌ను ఎవరో వాడుతూ ఉంటే కౌంట్ పెంచి అవునంటుంది. లేకపోతే అక్కడికక్కడే కాదంటుంది, ఆగదు. కాదంటే ఆ పూటకు వర్క్ వెనక్కి తిరిగిపోతుంది. నిద్రలో ఉన్న ప్రోబ్‌కు ఉష్ణోగ్రత సవరణ ఎందుకు? తర్వాతి రీడింగ్ అప్పుడు చేసుకోవచ్చు.

మీ తర్వాతి నమూనాలో ప్రోబ్ నుంచి ఇంటరప్ట్ తీగ (ప్రోబ్ తనే బోర్డును పిలిచే తీగ) కూడా వాడతామన్నారు. అక్కడా ఇదే ఆకారం ఎదురవుతుంది. సస్పెండ్‌లో ఇంటరప్ట్‌ను ఆపే ‘డిజేబుల్ ఐఆర్‌క్యూ’ పిలిస్తే, నడుస్తున్న ఇంటరప్ట్ థ్రెడ్ ముగిసేదాకా అది ఆగుతుంది. ఆ థ్రెడ్ గెట్ సింక్‌లో ఉంటే మళ్లీ అదే కథ. డ్రైవర్ తీసేసే రిమూవ్ ఫంక్షన్‌లోనూ చూసుకోండి. ‘పీఎం రన్‌టైమ్ డిజేబుల్’ కూడా నడుస్తున్న కాల్‌బ్యాక్ ముగిసేదాకా ఆగేదే. కాల్‌బ్యాక్‌కు కావలసిన లాక్ చేతిలో పెట్టుకుని దాన్ని పిలవకండి.

సరిచేశాక పరీక్షించడానికి వేకువజాము దాకా మేలుకోనక్కర్లేదు. ‘ఆటోసస్పెండ్ డిలే’ (నిద్రకు ముందు ఆగే వ్యవధి) విలువను 0 చేయండి. రెండు ప్రోగ్రాములు ఆపకుండా రీడింగులు అడిగేలా పెట్టండి. రాత్రిపూట పది సెకన్లకోసారి జరిగే ఎదురుపాటు అప్పుడు గుక్క తిప్పుకోకుండా జరుగుతుంది. పాత డ్రైవర్‌తో ముందు ఒకసారి నడిపి బిగుసుకోవడం కళ్లారా చూడండి, ఆ తర్వాత కొత్తది నడపండి. పాతదాన్ని పడగొట్టలేని పరీక్ష కొత్తదాని గురించి ఏమీ చెప్పదు. అంతా తేలాకే ‘కంట్రోల్’ ఫైల్లో మళ్లీ ‘ఆటో’ రాయండి. రాత్రి రీడింగ్ వ్యవధిని పదకొండు సెకన్లు చేస్తే పోతుంది కదా అని మీవాడికి అనిపించవచ్చు. దయచేసి అలా చేయనివ్వకండి. బోర్డు మీద పని ఎక్కువైన రోజున ఆ సెకను తేడా కరిగిపోతుంది.

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని): డెడ్‌లాక్‌కు నాలుగు షరతులని మాకు చెప్పారు, డెడ్‌లాక్ పడకుండా వనరులు పంచే బ్యాంకర్స్ అల్గారిథమ్ కూడా చెప్పారు. ప్రాజెక్టులో డ్రైవర్ రాస్తూ లాక్‌డెప్ (లాక్‌ల వరసలో తప్పులు వెతికే కెర్నల్ పరికరం) ఆన్ చేసి నడిపాను. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. నా డ్రైవర్‌లో డెడ్‌లాక్ లేదని రిపోర్టులో రాయవచ్చా?

జవాబు: రాయకు తల్లీ. లాక్‌డెప్‌కు హెచ్చరించేదేమీ కనపడలేదని రాయి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఎంతో, పైన ఉండి వాళ్ల కోడ్ చూస్తే తెలుస్తుంది.

లాక్‌డెప్‌ను చిన్నచూపు చూడమని అనడం లేదు. ఇంగో మోల్నార్ రాసిన ఈ పరికరం 2006లో 2.6.18 కెర్నల్‌తో వచ్చింది. నా దృష్టిలో కెర్నల్ రాసేవాళ్లకు దొరికిన గొప్ప వరాల్లో అదొకటి. డెడ్‌లాక్ నిజంగా జరిగేదాకా అది ఆగదు. ఒక చోట ‘ఎ’ తర్వాత ‘బి’ లాక్ తీసుకోవడం చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఇంకోసారి, ఇంకో థ్రెడ్‌లో ‘బి’ తర్వాత ‘ఎ’ తీసుకోవడం చూస్తే, ఆ రెండూ ఒకే సమయంలో జరగకపోయినా, వలయం ఏర్పడే అవకాశం ఉందని అరుస్తుంది. వర్క్ పూర్తయ్యేదాకా ఆగే పిలుపులకు కూడా దానికి తెలిసేలా గుర్తులు పెట్టారు.

కానీ రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో గెట్ సింక్ ఆగేది లాక్ కోసం కాదు, స్థితి మారడం కోసం. వెయిట్ క్యూలో కూర్చుంటుంది. కాల్‌బ్యాక్ పిలిచే ముందు కెర్నల్ తన లోపలి స్పిన్‌లాక్ అనే తాళాన్ని కూడా వదిలేస్తుంది. కాబట్టి లాక్‌డెప్ పుస్తకంలో ‘మ్యూటెక్స్ తర్వాత సస్పెండ్ కోసం ఆగాడు’ అన్న గీత పడదు. వలయంలో ఒక గీత లేకపోతే అది వలయమని దానికి తెలిసేదెలా?

నీ నాలుగు షరతులు 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ రాసిన వ్యాసం నుంచి వచ్చినవి. ఒకరి దగ్గరే ఉండడం, ఒకటి పట్టుకుని ఇంకోదాని కోసం ఆగడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, వలయంగా ఎదురుచూడడం. ఇవి పరీక్షకే కాదు, పనికీ వస్తాయి. ‘వనరు’ అన్న చోట మ్యూటెక్స్ ఒక్కటే పెట్టి ఊరుకోకు. పరికరం స్థితి కూడా వనరే. ‘సస్పెండింగ్’ అని గుర్తు పడిందంటే ఆ స్థితిని కాల్‌బ్యాక్ నడిపే థ్రెడ్ పట్టుకున్నట్టే. కాగితం మీద ప్రతి ఫంక్షన్‌కూ రెండు వరసలు రాసుకో, అది ఏం పట్టుకుని ఉందో, దేని కోసం ఆగుతుందో. రెండో వరసలో లాక్‌లతోపాటు గెట్ సింక్, వర్క్ క్యాన్సిల్, ఐఆర్‌క్యూ డిజేబుల్, కంప్లీషన్ (పని ముగిసిందన్న కబురు) కోసం ఆగడం అన్నీ రావాలి. నేను డ్రైవర్ చూడడం మొదలుపెట్టేది ఇప్పటికీ ఆ కాగితంతోనే. బ్యాంకర్స్ అల్గారిథమ్ సంగతికొస్తే, ప్రతివాడూ తనకు గరిష్ఠంగా ఏమేం కావాలో ముందే చెప్పాలి. కెర్నల్‌లో ఏ థ్రెడ్‌కూ అది తెలియదు. అందుకని ఇక్కడ పనికొచ్చేది వలయం పడకుండా వరస పెట్టుకోవడం ఒక్కటే.

ఇది కొత్తవాళ్లకే వచ్చే సమస్య అనుకోకు. చిప్ భాగాలకు లయ ఇచ్చే క్లాక్‌లను చూసే కెర్నల్ విభాగంలోనే ఇలాంటిది ఉండి 2024లో సరిచేశారు. బూట్ చివర ఎవరూ వాడని క్లాక్‌లను ఆపడానికి ఒక థ్రెడ్ క్లాక్‌ల చెట్టంతా తిరుగుతుంది. క్లాక్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ‘ప్రిపేర్’ మ్యూటెక్స్ పట్టుకుని, ఒక్కో క్లాక్‌ను అందించే పరికరాన్ని లేపుతూ వెళ్లేది. అదే సమయంలో ఇంకో థ్రెడ్‌లో ఒక పరికరం స్థితి మారుతూ, తన పవర్ కాల్‌బ్యాక్ లోపల క్లాక్ కోసం అదే మ్యూటెక్స్ అడిగేది. అది కూడా ఉండి పెట్టెలాగే హంగ్ టాస్క్ సందేశంతోనే బయటపడింది. క్లాక్ విభాగం నిర్వాహకుడు స్టీఫెన్ బాయిడ్ చేసిన మార్పు చూడు. రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ ఉన్న క్లాక్ పరికరాలన్నిటినీ ముందు లేపి, ఆ తర్వాతే మ్యూటెక్స్ తీసుకునేలా చేశాడు. ఉండి వాళ్లకు నేను చెప్పిన వరసా అదే. ఆ ప్యాచ్ వివరణ తెరిచి చదువు, ఏ పాఠంలోనూ ఇంత చక్కగా దొరకదు.

బిగుసుకున్నప్పుడు సాక్ష్యం ఎలా సేకరించాలో కూడా రిపోర్టులో రాయి. సిస్‌ఆర్‌క్యూ (కెర్నల్‌ను నేరుగా అడిగే మీట) ‘డబ్ల్యూ’ కొడితే కదలకుండా ఆగిన టాస్కులన్నిటి స్టాక్‌లు (ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చి ఎక్కడ ఆగాయో చెప్పే జాబితాలు) లాగ్‌లో పడతాయి. లాక్‌డెప్ ఆన్‌లో ఉంటే ‘డి’తో ఎవరి దగ్గర ఏ లాక్ ఉందో వస్తుంది. ఒక స్టాక్‌లో పరికరాన్ని లేపే ‘ఆర్‌పీఎం రెజ్యూమ్’, ఇంకోదానిలో అదే పరికరం సస్పెండ్ కాల్‌బ్యాక్ కనిపిస్తే నీకు కావలసింది దొరికినట్టే.

ప్రశ్న (అమలాపురం నుంచి జిరాక్స్ సెంటర్ నడిపే పాఠకుడు): నా లాప్‌టాప్‌లో లినక్స్ ఉంది. మూత వేసి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి తెర నల్లగానే ఉంటుంది. ఇది కూడా డెడ్‌లాకేనా?

జవాబు: కావచ్చు, కాకపోనూవచ్చు. తెర ఒక్కటే లేవలేదా, మొత్తం యంత్రం లేవలేదా అన్నది ముందు తేల్చుకోండి. ఇంకో కంప్యూటర్ నుంచి దానికి పింగ్ చేయండి. జవాబు వస్తే మీ సమస్య చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది, ఈ చర్చతో పని లేదు.

జవాబు రాకపోతే రెండు పరీక్షలు చేయండి. సిస్ ఫోల్డర్‌లోని పవర్‌లో ‘పీఎం టెస్ట్’ అనే ఫైలు ఉంటుంది, కెర్నల్‌లో డీబగ్ ఆప్షన్ పెట్టి ఉంటేనే కనిపిస్తుంది. అందులో ‘ఫ్రీజర్’ అని రాసి సస్పెండ్ చేస్తే ప్రోగ్రాములను ఆపడం వరకే వెళ్లి, ఐదు సెకన్లు ఉండి తిరిగొస్తుంది. ‘డివైసెస్’ అని రాస్తే పరికరాలను నిద్రపుచ్చి లేపడం దాకా వెళ్తుంది. మొదటిది బాగుండి రెండోది బిగుసుకుంటే తప్పు ఏదో డ్రైవర్‌లో ఉంది. అప్పుడు ‘పీఎం అసింక్’ ఫైల్లో 0 రాసి మళ్లీ చూడండి. మామూలుగా కెర్నల్ చాలా పరికరాలను ఒకేసారి నిద్రపుచ్చుతుంది, 0 రాస్తే ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. దాంతో సమస్య పోతే, రెండు పరికరాల మధ్య ఉన్న సంబంధం కెర్నల్‌కు ఎవరూ చెప్పలేదని అనుమానించాలి. పిల్ల పరికరం ముందు నిద్రపోవాలి, తల్లి పరికరం తర్వాత. లేచేటప్పుడు తల్లి ముందు. చెట్టులో కనపడని సంబంధాలను చెప్పడానికి 2017లో 4.10 కెర్నల్‌తో డివైస్ లింకులు వచ్చాయి. వలయం పడేలా లింకు చేర్చబోతే కెర్నల్ ఒప్పుకోదు, అది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. ఏ పరీక్షలో ఏం జరిగిందో రాసి, మీరు వాడే డిస్ట్రిబ్యూషన్ వాళ్లకు బగ్‌గా పంపండి. అప్పటిదాకా మూత వేసినప్పుడు సస్పెండ్ కాకుండా సెట్టింగులో మార్చుకోండి, దుకాణంలో కస్టమర్లు నిలబడి ఉండగా ఆ టెన్షన్ ఎందుకు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఫోటో స్టూడియో నడిపే పాఠకుడు): పెళ్లి ఫోటోలు దాచడానికి పాత చిన్న బోర్డుకు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి వాడుతున్నాను. బోర్డుతో వచ్చిన 3.4 కెర్నల్ అందులో ఉంది. డిస్క్ కాసేపు ఖాళీగా ఉంటే నిద్రపోయేలా పెట్టాను. పెద్ద పెద్ద ఫైళ్లు ఎక్కించే రోజుల్లో డిస్క్ లేవాల్సిన సమయంలో బోర్డు మొత్తం ఆగిపోతుంది. మిగతా రోజుల్లో ఏమీ ఉండదు. డిస్క్ మార్చాలా?

జవాబు: డిస్క్‌కు డబ్బు పెట్టకండి, ముందు కెర్నల్ మార్చండి. మీరు చెప్పిన లక్షణాలు ఒక పాత డెడ్‌లాక్‌కు అచ్చంగా సరిపోతున్నాయి.

పరికరాన్ని లేపే కోడ్‌కు కొద్దిగా మెమరీ కావాలి. మామూలు రోజుల్లో ర్యామ్ ఖాళీగా ఉంటుంది, వెంటనే దొరుకుతుంది. పెద్ద ఫైళ్లు ఎక్కించే రోజున ర్యామ్ నిండా ఇంకా డిస్క్‌కు చేరని పేజీలే (మెమరీ ముక్కలే) ఉంటాయి. అప్పుడు మెమరీ అడిగితే కెర్నల్ ముందు ఆ పేజీలను డిస్క్ మీద రాసి చోటు ఖాళీ చేయాలని చూస్తుంది. అవి రాయాల్సింది ఆ డిస్క్ మీదే, అది ఇంకా నిద్రలేవలేదు. రాత పని డిస్క్ లేవడం కోసం ఆగుతుంది, లేపే పని మెమరీ కోసం ఆగుతుంది. ఇక్కడ డ్రైవర్ రాసినవాళ్లు ఏ లాక్‌నూ తప్పు వరసలో తీసుకోలేదు. మామూలు పద్ధతిలో మెమరీ అడగడమే చాలు, మెలి పడడానికి.

2013లో వచ్చిన 3.9 కెర్నల్‌లో దీనికి మందు వేశారు. డిస్క్‌లాంటి బ్లాక్ పరికరానికి ఒక గుర్తు పెడతారు. ఆ పరికరాన్ని నిద్రపుచ్చే, లేపే కాల్‌బ్యాక్‌ల లోపల ఎవరు మెమరీ అడిగినా, డిస్క్ రాతలు మొదలుపెట్టకుండా ఇవ్వగలిగినంత ఇస్తారు. ఆ గుర్తు డిస్క్ ఒక్కదానికే పెడితే సరిపోదు. డిస్క్ లేవాలంటే దాని పైనున్న హబ్, ఆ పైనున్న యూఎస్‌బీ కంట్రోలర్ ముందు లేవాలి. వాటిని లేపేటప్పుడు మెమరీ అడిగినా ఇదే చిక్కు. అందుకని చెట్టులో పైదాకా ఉన్న పరికరాలన్నిటికీ గుర్తు పెడతారు. నెట్‌వర్క్ మీద డిస్క్ వాడేవాళ్లూ ఉంటారు కాబట్టి నెట్‌వర్క్ పరికరాలకూ పెట్టారు.

మీ బోర్డుకు ఇప్పటి కెర్నల్ దొరుకుతుందేమో చూడండి. పాత బోర్డులు చాలావాటికి మెయిన్‌లైన్ (అందరికీ ఉమ్మడిగా విడుదలయ్యే) కెర్నల్‌లోనే మద్దతు ఉంది. దొరికేదాకా ఆ యూఎస్‌బీ డిస్క్ పరికరానికి ఉన్న ‘కంట్రోల్’ ఫైల్లో ‘ఆన్’ అని రాసి, డిస్క్ నిద్ర టైమర్ కూడా తీసేయండి. పెళ్లివాళ్ల ఫోటోలకు ఇంకో కాపీ వేరే డిస్క్ మీద ఉంచండి, బిగుసుకుపోయిన బోర్డు వైరు పీకిన ప్రతిసారీ సగంలో ఉన్న రాతలు పోతాయి.

డ్రైవర్లు రాసే పాఠకులకు ఇక్కడే ఒక మాట. ఆ రక్షణ కాల్‌బ్యాక్ నడిపే థ్రెడ్‌కు మాత్రమే ఉంటుంది. మీ రెజ్యూమ్ కాల్‌బ్యాక్ సగం పనిని వర్క్‌క్యూకు అప్పగించి అది పూర్తయ్యేదాకా ఆగితే, ఆ వర్క్ నడిచేది వేరే థ్రెడ్‌లో. అక్కడ రక్షణ ఉండదు. ఆ వర్క్‌లో మెమరీ అడిగే ప్రతి చోటా ‘జీఎఫ్‌పీ నో ఐఓ’ (డిస్క్ రాతలు మొదలుపెట్టకుండా మెమరీ ఇమ్మనే గుర్తు) మీరే రాయాలి. వీలైతే ఆ మెమరీని డ్రైవర్ పరికరాన్ని మొదట పట్టుకునేటప్పుడు నడిచే ‘ప్రోబ్’ ఫంక్షన్‌లోనే ముందుగా తీసి పెట్టుకోండి, రెజ్యూమ్‌లో అసలు అడగకండి.